రోజ్ మిల్క్ కారిన గేరుబాక్సు: మా పికప్‌ను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చిన డైరీ

డిసెంబరు 19

బండి కింద పడుకొని డ్రెయిన్ ప్లగ్ విప్పాను. పారదర్శకంగా, ఎర్రగా రావాల్సిన ఆయిల్ రోజ్ మిల్క్ రంగులో, నురుగుతో సహా వచ్చింది. మామ చుక్క తీసి రెండు వేళ్ళ మధ్య రుద్ది, తువ్వాలుకు తుడుచుకున్నాడు.

"అయిపాయ అల్లుడూ. నీళ్ళు కలిసినాయి."

రెండు రోజుల ముందు డ్రిప్ పైపులు వేసుకొని రాయచోటికి పోతుంటే గువ్వలచెరువు ఘాట్ రెండో మలుపులో ఇంజను అరుపు పెరిగింది, బండి వేగం మాత్రం పెరగలేదు. మూడో మలుపులో వెనక్కి జారడం మొదలైంది. హ్యాండ్ బ్రేకు లాగి, చక్రానికి రాయి పెట్టి, కడప నుంచి టోయింగ్ బండి పిలిపించుకున్నాను.

తప్పు నాదే. ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిల్ చల్లబడటానికి రేడియేటర్ కింది ట్యాంకులోనే చిన్న కూలర్ ఉంటుంది. లోపల ఆయిల్, బయట కూలెంట్, మధ్యలో పల్చటి లోహం. కూలెంట్ తగ్గినప్పుడల్లా షాపు వెనక బోరు నీళ్ళు పోశాను. ఆ నీళ్ళకు స్టీలు బిందె లోపల నెలలో తెల్ల పొర కడుతుంది. కూలర్ ఎక్కడో తినేసి చిల్లు పడింది. గేరుబాక్సు లోపలి క్లచ్ ప్లేట్ల మీద కాగితం లాంటి లైనింగు జిగురుతో అంటించి ఉంటుంది, నీళ్ళు తగిలితే అది ఉబ్బి ఊడిపోతుంది. ఆయిల్ మార్చి కడిగితే సరిపోదు.

డిసెంబరు 23

షోరూం వాళ్ళు గేరుబాక్సు, రేడియేటర్ కలిపి 4 లక్షల 10 వేలు అన్నారు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బండికి అంత పెట్టడానికి మనసొప్పలేదు.

మామ పదహారేళ్ళు కువైట్‌లో, షువైఖ్ గ్యారేజీల్లో పని చేసి వచ్చినవాడు. అక్కడ ఎడారిలో తిరిగే పికప్‌లకు ఆటోమేటిక్ తీసి మాన్యువల్ ఎక్కించడం ఆయనకు కొత్త కాదు. "ఇదే మోడల్ మాన్యువల్‌లో గూడా వస్తాంది కదా. కంపెనీ చేసిందే మనమూ చేస్తాం. కొత్తగా కనిపెట్టేదేముంది?" అన్నాడు.

ఇంట్లో అభ్యంతరం నాయనది. ఆటోమేటిక్ కొన్నదే ఆయన ఎడమ మోకాలి కోసం. "అంటే నేనింక బండి తోలొద్దంటావు," అన్నాడు. జవాబు చెప్పలేదు. ఉంటే గదా.

డిసెంబరు 27

పని మొదలుపెట్టకముందే కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. గేరుబాక్సే కదా అని వదిలేస్తే రేపు యాక్సిడెంట్ క్లెయిములో పట్టుకుంటారు. రవాణా శాఖ ఆఫీసులో అర్జీ ఇచ్చాను, ఇన్సూరెన్సు వాళ్ళకు విడిగా ఉత్తరం రాశాను. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, బాడీ ఏవీ మారవని, బిగించేది ఇదే మోడల్ మాన్యువల్ బండి సామానని రెండింట్లోనూ రాశాను.

సాయంత్రం పార్ట్స్ షాపులో కూర్చొని రెండు రకాల బండ్ల పార్ట్ నంబర్లు పక్కపక్కన పెట్టి చూశాం. నంబరు ఒకటే అయితే కొట్టేయడం, వేరైతే రాసుకోవడం. ఇంజను మౌంటింగులు ఒకటే. స్టార్టర్ మోటారు ఒకటే, మామ ఊపిరి పీల్చుకున్నాడు. వేరుగా ఉన్నవి: ఫ్లైవీలు, పెడళ్ళు, క్లచ్ సామాను, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకు బలం తీసుకెళ్ళేది) ముందు ముక్క, ఈసీయూ (ఇంజను నడిపే కంప్యూటరు), వైరింగులో కొంత. చివర క్రౌన్ పినియన్, అంటే వెనక ఇరుసులోని పళ్ళచక్రాల జత, కూడా వేరే అని కనిపించింది. "దాన్ని తర్వాత చూద్దాంలే," అన్నాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

జనవరి 13

ఉత్త తెలివితక్కువ ప్రయాణం. పాత సామాను కోసం చెన్నై పుదుపేటకు పొంగల్ వారంలో పోయాం. సగం షట్టర్లు మూసి ఉన్నాయి. తెరిచిన ఒక కొట్లో గేరుబాక్సు దొరికింది, ధర కూడా బాగుంది. మామ దాని తోక వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. మాది వెనక చక్రాల డ్రైవు మాత్రమే. ఆ గేరుబాక్సు తోక పొట్టిగా, చివర వెడల్పాటి ముఖంతో ఉంది, అంటే ముందు చక్రాలకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు బిగించే ఫోర్ వీల్ డ్రైవు రకం. బయటి నుంచి మిగతాదంతా ఒకటే. నేనొక్కణ్ణే పోయుంటే డబ్బు కట్టి, రసీదు జేబులో పెట్టుకొని హాయిగా రైలెక్కేవాణ్ణి.

జనవరి 21

మళ్ళీ పుదుపేట. ఈసారి దొరికింది. ముందు నుంచి గుద్దుకున్న బండిది, వెనక భాగం చెక్కుచెదరలేదు. మామ చూసిన పద్ధతి రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ముందు ఆయిల్ ప్లగ్ విప్పి వాసన చూశాడు, మాడు వాసన లేదు. అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి మడ్డి మాత్రమే ఉంది. పెంకుల్లాంటి ముక్కలుంటే అక్కడే వదిలేయాలి. తర్వాత ఇన్‌పుట్ షాఫ్ట్‌ను (ఇంజను బలాన్ని గేరుబాక్సులోకి తెచ్చే కడ్డీ) చేత్తో తిప్పుతూ ఆరు గేర్లూ, రివర్సూ వేశాడు. షాఫ్ట్ పళ్ళ మీద గోరు ఆనించి పైనుంచి కిందికి లాగాడు. అరిగిన పంటికి గోరు తట్టుకుంటుందట. తట్టుకోలేదు.

గేరుబాక్సు 68 వేలు. పెడళ్ళ సెట్టు, క్లచ్ మాస్టర్ సిలిండరు, గేరు రాడ్డు, క్రాస్ మెంబరు (గేరుబాక్సును కింద మోసే అడ్డ కమ్మీ), ప్రొపెల్లర్ షాఫ్ట్ ముందు ముక్క, ఈసీయూ కలిపి ఇంకో 41 వేలు. వైరింగు కనెక్టర్లను ఆ అబ్బాయి మొదలంటా కోయబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. జానెడు వైరు వదిలి కోయమన్నాను. ఆ జానెడు లేకపోతే అతుకు వేయడానికి చోటే ఉండదు. ఫ్లైవీలు మాత్రం పాతది తీసుకోలేదు. ఇది డ్యూయల్ మాస్ రకం, అంటే రెండు పలకల మధ్య స్ప్రింగులుంటాయి. చేత్తో ఊపితే టకటకమంది. అది, క్లచ్ సెట్టు కొత్తవే కొన్నాను, 46 వేలు. బాధేసింది.

జనవరి 25

ఆటోమేటిక్ దించాం. మొత్తం పనిలో భయం వేసిన భాగం ఇదొక్కటే. ఆయిల్‌తో నిండిన టార్క్ కన్వర్టరు (ఆటోమేటిక్‌లో క్లచ్ బదులుండే భాగం), ఇంజను వెనక ఉండే పల్చటి ఫ్లెక్స్ ప్లేటుకు ఆరు బోల్టులతో ఉంటుంది. కిటికీ లాంటి చిన్న సందులోంచి ఒక్కొక్కటే అందుతుంది. నేను క్రాంక్ పుల్లీకి పాన పెట్టి తిప్పుతుంటే, మామ వెనక నుంచి "నిలుపు... రవంత వెనక్కి... ఆఁ" అంటూ విప్పాడు. గేరుబాక్సు వెనక్కి జరిగేటప్పుడు కన్వర్టరు దానితోనే రావాలి. ఇంజనుకే అంటుకుని తర్వాత జారిందంటే పాదాలు పోతాయి. జాకీ మీద గేరుబాక్సు దిగింది, షెడ్డు నాపరాళ్ళ మీద రోజ్ మిల్క్ పారింది. మామ కొడుకు రంపపు పొట్టు చల్లాడు.

జనవరి 28

క్రాంక్ (ఇంజను ప్రధాన షాఫ్ట్) చివర, గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ కొనను పట్టుకునే పైలట్ బేరింగు లేదు. ఆటోమేటిక్‌కు దాంతో పనిలేదు కాబట్టి పెట్టలేదు. కొన్ని ఇంజన్లలో ఆటోమేటిక్ క్రాంక్‌కు ఆ రంధ్రం కూడా పూర్తిగా కోయరు, అప్పుడు కథ లేతు దాకా పోతుంది. మాకు రంధ్రం ఉంది, తుప్పు గీకితే కొలత సరిపోయింది. బేరింగును రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టాను, చల్లబడితే వెంట్రుకవాసి కుదించుకుంటుంది. పొద్దున ఐస్ క్యూబ్‌ల కోసం చెయ్యి పెట్టిన మా ఆవిడకు అది తగిలింది. ఆ సంభాషణ ఇక్కడ అనవసరం. బేరింగు మాత్రం చెక్క అడ్డం పెట్టి నాలుగు దెబ్బలు వేస్తే కూర్చుంది.

ఫ్లైవీలు మందం కాబట్టి దాని బోల్టులు పొడవు. పాత ఫ్లెక్స్ ప్లేటు బోల్టులు కూడా అదే మరలో చక్కగా ఎక్కుతాయి, అదే ప్రమాదం. నాలుగు చుట్లు పట్టుకుని బిగిసినట్టే అనిపిస్తాయి. కొత్తవి వేసి, టార్క్ రెంచుతో అడ్డదిడ్డంగా కాకుండా ఎదురెదురుగా బిగించాం. క్లచ్ ప్లేటు మధ్యలో నిలబెట్టడానికి పాత ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్కను వాడాం.

ఫిబ్రవరి 1

గేరుబాక్సు ఎక్కించాం. చాసిస్‌కు క్రాస్ మెంబరు కోసం రెండు జతల రంధ్రాలున్నాయి, ముందు జతకు మాన్యువల్‌ది అచ్చంగా కూర్చుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా. మధ్యాహ్నానికి పని అయిపోయింది, బిర్యానీ తెప్పించాం.

ఫిబ్రవరి 2

అయిపోలేదు. క్లచ్ గొట్టాలు ఇంకా కలపకుండానే, గేరు న్యూట్రల్‌లో పెట్టి మామ స్టార్టరుకు నేరుగా కరెంటు ఇచ్చి ఇంజను తిప్పి చూశాడు. బెల్ హౌసింగులోంచి (గేరుబాక్సు ముందుండే గంటలాంటి తొడుగు) తిరగలి తిప్పినట్టు గుర్రుమనే చప్పుడు. రిలీజ్ బేరింగు అన్నాడొకరు, ఫ్లైవీలు అన్నాడు ఇంకొకరు. గంట సేపు చెవికి పైపు ఆనించి విన్నాం.

చివరకు కనిపెట్టింది మామ కొడుకు, పదిహేడేళ్ళవాడు. మూలన పడేసిన పాత ఆటోమేటిక్ మీద కూర్చొని టీ తాగుతూ, "నాయనా, ఈ రెండు ముక్కలు దీనికే ఉన్నాయే?" అన్నాడు. ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య వరస తప్పకుండా నిలబెట్టే రెండు డోవెల్ పిన్నులు. పాత హౌసింగుకు కరుచుకొని దానితోనే దిగిపోయాయి. మేం ఎక్కించేటప్పుడు ముగ్గురం ఆ ముఖాన్ని గుడ్డతో తుడిచాం, ముగ్గురికీ కనిపించలేదు. బోల్టులు బిగిశాయి కానీ గేరుబాక్సు రవంత పక్కకు కూర్చుంది. అలాగే తిప్పుంటే పైలట్ బేరింగు, ఇన్‌పుట్ షాఫ్ట్ రెండూ పోయేవి.

మళ్ళీ దించి మళ్ళీ ఎక్కించాం. పిన్నులున్నప్పుడు గేరుబాక్సు బోల్టులు లాగక్కర్లేకుండా చేతి తోపుడుకే చివరి అంగుళం జారి 'టక్' మంటుంది. నిన్న ఆ చప్పుడు రాలేదని ఈ రోజు వింటేనే తెలిసింది.

ఫిబ్రవరి 5

పెడళ్ళు. డ్యాష్‌బోర్డు కింద తల, సీటు మీద కాళ్ళు పెట్టి నాలుగు గంటలు. క్లచ్ మాస్టర్ సిలిండరు కోసం, ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య ఉండే గోడలో రంధ్రం ముందే ఉంది, నల్ల రబ్బరు బిళ్ళతో మూసి పెట్టారు. ఫ్యాక్టరీ వాడికి మనసులో దండం పెట్టుకున్నాను. వెడల్పాటి బ్రేకు పెడలు తీసి సన్నది వేశాం.

క్లచ్ గొట్టాల్లోని గాలి తీయడానికి పెడలు తొక్కే మనిషి కావాలి. షాపు మూసి నాయన వచ్చాడు. "తొక్కు... పట్టుకో... వదులు" అని మామ కింద నుంచి అరుస్తుంటే, ఆయన సీట్లో పక్కకు తిరిగి కూర్చొని క్లచ్‌ను కుడి కాలితో తొక్కాడు. నలభై సార్లు ఉంటుంది. ఒక్క మాట అనలేదు. నిపిల్ దగ్గర బుడగలు ఆగిపోయాక, "గట్టిగానే ఉంది," అన్నాడు. పెడలు గురించే అనుకుంటా.

గేరు ఆయిల్ దగ్గర ఒక జాగ్రత్త. షాపువాడు వెనక ఇరుసు హౌసింగుకు పోసే జీఎల్-5 రకం ఆయిల్ డబ్బా ఇచ్చాడు. అందులోని గంధకం మందులు గేరుబాక్సులో గేర్లు మెత్తగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులను తినగలవు. మాన్యువల్ బండి పుస్తకంలో ఉన్నది జీఎల్-4, అదే పోశాం.

ఫిబ్రవరి 8 నుంచి 24

వైరింగు. ఇనుప పని అంతా కలిపి పది రోజులు, ఇదొక్కటే పదహారు.

తాళం తిప్పితే స్టార్టరు మూగబోయింది. ఆటోమేటిక్‌లో లీవరు పి (పార్క్) లోనో ఎన్ (న్యూట్రల్) లోనో ఉంటేనే స్టార్టరుకు కరెంటు వెళ్ళే స్విచ్చు ఉంటుంది, ఆ స్విచ్చు పాత గేరుబాక్సుతో పోయింది. రెండు వైర్లు కలిపి ముడి వేస్తే చాలు అన్నాడు మామ. నేను ఒప్పుకోలేదు, గేరులో ఉన్నప్పుడు తాళం తిప్పితే బండి ముందుకు దూకుతుంది. షాపు ముందు ఎప్పుడూ పిల్లలుంటారు. క్లచ్ పెడలు స్విచ్చును ఆ రెండు వైర్ల మధ్య పెట్టాం, ఇప్పుడు క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అవుతుంది. రివర్సు లైటు వైర్లు కూడా అదే పాత స్విచ్చులో ఉండేవి, వాటిని కొత్త గేరుబాక్సు మీది రివర్సు స్విచ్చుకు తెచ్చాం.

ఇంజను స్టార్టయ్యింది. ఆపాను. తాళం చెవి బయటకు రాలేదు!

లీవరు పి లో ఉంటేనే చెవి వదిలే లాక్ ఒకటి స్టీరింగు కింద ఉంది. పి అనేదే ఇప్పుడు లేదు. ఆ రాత్రి చెవి బండిలోనే వదిలి, బ్యాటరీ వైరు పీకి ఇంటికి తీసుకుపోయాను. "బండి ఇంకా తాను ఆటోమేటిక్కే అనుకుంటాంది అల్లుడూ," అని మామ నవ్వాడు. పాత లీవరు కింద పి స్విచ్చు వైరును కనిపెట్టి, ఎప్పుడూ పి లోనే ఉన్నట్టు కలిపితే చెవి వదిలింది.

అసలు తలనొప్పి ఈసీయూ. పాతదానితో నడిపితే ఎక్సలేటరు సగానికి మించి పని చేయదు, చెక్ లైటు ఆరదు. స్కానరు పెడితే యూ0101, అంటే గేరుబాక్సు కంప్యూటరుతో మాట కలవడం లేదని. లేనిదాన్ని వెతుకుతోంది. పుదుపేట నుంచి తెచ్చిన మాన్యువల్ ఈసీయూ పెట్టాలి, కానీ అది తాను వచ్చిన ఆ గుద్దుకున్న బండి తాళాన్నే గుర్తుపడుతుంది. ప్రొద్దుటూరు నుంచి ల్యాప్‌టాప్‌తో ఒకతను వచ్చి ఇమ్మొబిలైజరు (తాళాన్ని గుర్తుపట్టే ఏర్పాటు) జత చేశాడు. జత చేశాక ఇంజను మందంగా, పొగతో నడిచింది. నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున అతనే ఫోన్ చేశాడు. "అన్నా, ఇంజెక్టర్ కోడ్లు రాయలేదు మనం." కామన్ రైల్ ఇంజన్‌లో ప్రతి ఇంజెక్టరూ తయారయ్యాక పోసే డీజిల్‌లో ఉండే చిన్న తేడాను ఒక కోడ్‌గా దాని నెత్తిమీదే చెక్కుతారు, ఆ నాలుగు కోడ్‌లూ ఈసీయూకు తెలియాలి. తెచ్చిన ఈసీయూలో ఉన్నవి ఎవరివో ఇంజెక్టర్లవి. డీజిల్‌లో ముంచిన టూత్‌బ్రష్‌తో నెత్తిమీది మడ్డి తోమి, ఫోన్ టార్చ్ పక్క నుంచి వేసి ఫోటో తీశాను. మూడోదానిలో 8 అనుకున్నది బి అని తేలడానికి నాలుగు ఫోటోలు పట్టాయి. కోడ్‌లు ఎక్కగానే పొగ పోయింది.

మార్చి 1

మొదటిసారి రోడ్డు మీదికి. రింగు రోడ్డులో ఆరో గేరు దాకా వేశాను. క్లచ్ మెత్తగా ఉంది, గేర్లు రెండు వేళ్ళతో పడుతున్నాయి. ఒకటే చిక్కు: ఫోన్ జీపీఎస్ 66 చూపిస్తే మీటరు 60 అంటోంది.

పార్ట్ నంబర్ల రోజున తర్వాత చూద్దాం అన్నాను కదా, ఆ క్రౌన్ పినియన్ పనే ఇది. వెనక ఒక చక్రం నేల మీదే ఉంచి, రెండోది పైకెత్తి కరెక్టుగా రెండు చుట్లు తిప్పాం (ఒకటే రెండు చుట్లు తిరిగితే, రెండు చక్రాలూ కలిసి ఒక చుట్టు తిరిగినట్టు లెక్క), మామ కొడుకు ప్రొపెల్లర్ షాఫ్ట్ మీది సుద్దముక్క గీతను లెక్కపెట్టాడు. మూడు ముప్పావుకు రవంత తక్కువ, అంటే చక్రాల ఒక్క చుట్టుకు షాఫ్ట్ 3.7 చిల్లర చుట్లు. మాన్యువల్ బండికి కంపెనీ ఇచ్చేది 4.1. మీటరు గేరుబాక్సు సెన్సరు చెప్పినదాన్ని 4.1 లెక్కన చూపిస్తోంది, షాఫ్ట్ పదో వంతు తక్కువ తిరుగుతోంది. వేగం తక్కువ చూపించే మీటరు మంచిది కాదు. డ్యాష్‌బోర్డు మీద టేపు అంటించి '60 అంటే 66' అని రాశాను.

మార్చి 8

గువ్వలచెరువు ఘాట్. 600 కిలోల పైపులు, పక్క సీట్లో నాయన. ఆ తేడా ఇక్కడ తెలిసింది. మలుపుల్లో రెండో గేరు చాలక మొదటి గేరుకు దిగాల్సి వచ్చింది. ఏటవాలులో ఆగి మళ్ళీ కదిలించేటప్పుడు క్లచ్‌ను కాస్త కాల్చక తప్పలేదు, వాసన వచ్చింది. ఆటోమేటిక్‌లో ఈ పని టార్క్ కన్వర్టరు చేసేది, కదిలేటప్పుడు ఇంజను బలాన్ని అదే పెంచి ఇచ్చేది. మనిషి కాలు ఆ పని చేయలేదు, 4.1 పినియన్ చేయాలి.

బండి జారిన ఆ మలుపులో చక్రానికి నేను పెట్టిన రాయి ఇంకా అంచున అలాగే ఉంది. నాయనకు చూపించాను. పైన గువ్వలచెరువులో ఆగి పాలకోవా కొన్నాం. ఆయన పొట్లం విప్పుతూ మీటరు వైపు, టేపు వైపు చూసి, "మీటరు బాగు చేయించు. నేను తోలేటప్పుడు లెక్కలు చేసుకుంటా కూర్చోలేను," అన్నాడు.

"నువ్వు తోలుతావా?"

"కడప ఊర్లో సందుల్లో కాదులే. చేనికాడికి."

మార్చి 22

500 కిలోమీటర్లయ్యాక ఆయిల్ దించాం. తేనె రంగు, అయస్కాంతం మీద సన్నటి బూడిద. బెల్ హౌసింగు కింద చెమ్మ లేదు. రేడియేటర్ కొత్తది, కూలర్ లేని మాన్యువల్ రకం. అందులో ఈసారి డబ్బా కూలెంటే, కలిపింది డిస్టిల్డ్ వాటర్.

మొత్తం ఖర్చు 2 లక్షల 26 వేలు, డోవెల్ పిన్నుల బిర్యానీ కాకుండా. చెన్నై నుంచి 4.1 క్రౌన్ పినియన్ నిన్న లారీ పార్సిల్‌లో వచ్చింది. పళ్ళు లెక్కపెట్టాం, 41కి 10. రేపు పొద్దున్నే హౌసింగు విప్పుతున్నాం.